పిల్లల్లో ఊబకాయం: ఇంట్లో ఎలా కొలవాలి, ఎలా అదుపు చేయాలి

"మా వాడు ఎన్ని కిలోలు తగ్గాలి?" పిల్లల బరువు గురించి మాట వచ్చినప్పుడల్లా తల్లిదండ్రులు ముందుగా అడిగే ప్రశ్న ఇదే. ఎదుగుతున్న పిల్లల్లో చాలామందికి నా జవాబు ఒకటే: ఒక్క కిలో కూడా తగ్గనక్కరలేదు. బరువు ఉన్నచోట ఆగితే చాలు, ఎత్తు పెరిగి దాన్ని అందుకుంటుంది. పెద్దవాళ్లకు లేని వెసులుబాటు ఇది. దీన్ని నమ్మితే బిడ్డను ఆకలితో మాడ్చాలన్న ఆలోచనే రాదు. కింద చెప్పిన పనులన్నీ ఈ ఆధారం మీదే నడుస్తాయి.

ఈ పద్ధతి రెండేళ్లు నిండిన పిల్లలకు. అంతకన్నా చిన్నవారికి ఇంట్లో తిండి తగ్గించే ప్రయత్నం ఏదీ చేయవద్దు. వారి సంగతి చివర్లో విడిగా చెప్పాను.

కావలసినవి

- గట్టి నేల మీద పెట్టే డిజిటల్ బరువు యంత్రం
- సాగని కొలత టేపు, గట్టి అట్ట ఉన్న పుస్తకం ఒకటి, పెన్సిలు
- కొలతలు రాసుకోవడానికి నోటుపుస్తకం
- ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన 'వయసుకు తగిన బీఎంఐ' చార్టు. బీఎంఐ అంటే ఎత్తుకు బరువు ఎంత తగినట్టుందో చెప్పే అంకె, లెక్క కింద ఉంది. ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అబ్బాయిలకు వేరు, అమ్మాయిలకు వేరు. అయిదేళ్లలోపు వారికి ఒకటి, 5 నుంచి 19 ఏళ్ల వారికి మరొకటి. సరైనది ఎంచుకోండి.
- ఇంట్లో వంట చేసేవారు, పిల్లలను చూసుకునేవారు, తాతయ్య, అమ్మమ్మ, నానమ్మ అందరి ఒప్పుకోలు. ఇది లేకుండా మొదలుపెడితే నెల తిరగకముందే ఆగిపోతుంది. ఒకరు వద్దన్నది మరొకరు చాటుగా పెడితే, దాచుకుని తినడం ఒక్కటే బిడ్డకు అలవాటవుతుంది.

1. సరిగ్గా కొలవండి

కంటిచూపుతో అంచనా వేయవద్దు. ఇంట్లో రోజూ చూసే బిడ్డ బొద్దుగా ఉన్నాడా, బరువు మితిమీరిందా అన్నది కన్నవారి కంటికి తేలిగ్గా ఆనదు.

ఎత్తు కొలవడంలోనే పొరపాట్లు ఎక్కువ. గోడ అడుగున పట్టీ లేని చోటు చూడండి. పట్టీ ఉంటే మడమలు గోడకు ఆనవు. చెప్పులు, సాక్సులు, జుట్టు ముడి, క్లిప్పులు తీయించండి. మడమలు, పిరుదులు, భుజాలు గోడకు ఆనించి, పాదాలు దగ్గరగా పెట్టి, చూపు నేరుగా ఎదురుగా ఉండేలా నిలబెట్టండి. పుస్తకం అంచును గోడకు ఆనించి, జుట్టు అణిగి తలకు తగిలేదాకా మెల్లగా కిందికి దించండి. పుస్తకం అడుగుభాగం గోడను తాకిన చోట పెన్సిలుతో గీత పెట్టి, నేల నుంచి అక్కడికి కొలవండి. మూడుసార్లు కొలిచి మధ్య అంకె తీసుకోండి. సాయంత్రానికి ఎత్తు కాస్త తగ్గుతుంది, కాబట్టి ప్రతిసారీ ఒకే వేళకు కొలవండి.

బరువు ఉదయం, మూత్ర విసర్జన అయ్యాక, పలుచని దుస్తులతో చూడండి.

ఇప్పుడు లెక్క: బరువును కిలోల్లో, ఎత్తును మీటర్లలో తీసుకుని, బరువును ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. ఎనిమిదేళ్ల అబ్బాయి 130 సెంటీమీటర్ల ఎత్తు, 36 కిలోల బరువు ఉన్నాడనుకోండి. 36ను 1.30తో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ 1.30తో భాగిస్తే 21.3. అదే అతని బీఎంఐ. ఎత్తును పొరపాటున 132 అని రాస్తే ఇది 20.7కు పడిపోతుంది. రెండు సెంటీమీటర్ల తప్పుకే అంత తేడా వస్తుంది కాబట్టే కొలతకు ఇంత జాగ్రత్త.

అయిదేళ్లు దాటినవారికి నడుము కూడా కొలవండి. చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పైఅంచుకు నడుమ, మామూలుగా ఊపిరి వదిలాక టేపు చుట్టాలి. నడుము కొలత ఎత్తులో సగానికి మించకూడదు. 130 సెంటీమీటర్ల అబ్బాయికి 65 అన్నమాట.

2. చార్టులో చూడండి, పెద్దల పట్టికలో కాదు

పెద్దలకు 18.5 నుంచి 25 లోపు బీఎంఐ మామూలు. ఆ పట్టిక చూసి, 21.3 ఉన్న ఎనిమిదేళ్ల పిల్లవాడు బాగానే ఉన్నాడని నిశ్చింతగా కూర్చునేవారు ఎందరో. ఆ వయసు అబ్బాయిలకు చార్టులో 17.4 దాటితే అధిక బరువు, 19.7 దాటితే ఊబకాయం. అంటే అతను ఊబకాయం గీత దాటేశాడు. అదే 21.3 పదహారేళ్ల అబ్బాయికి ఉంటే ఏ ఇబ్బందీ లేదు. పిల్లల్లో బీఎంఐని వయసుతో కలిపి చూస్తేనే దానికి అర్థం.

చార్టు చదవడం ఇలా: అడ్డంగా వయసు, నిలువుగా బీఎంఐ. రెండూ కలిసే చోట చుక్క పెట్టండి. గీతల చివర 0, 1, 2, 3 అని అంకెలుంటాయి. 5 నుంచి 19 ఏళ్ల వారిలో చుక్క 1 గీత దాటితే అధిక బరువు, 2 దాటితే ఊబకాయం. అయిదేళ్లలోపు వారిలో 2 దాటితే అధిక బరువు, 3 దాటితే ఊబకాయం. 1 దాటితే జాగ్రత్త పడాలని అర్థం. మీ డాక్టరు శాతాల (పర్సెంటైల్) చార్టు, అంటే అదే వయసు పిల్లలు వందమందిలో మీ బిడ్డ స్థానం చూపేది వాడుతుంటే అందులో 85 నుంచి 95 లోపు అధిక బరువు, 95, ఆపైన ఊబకాయం. ఏదో ఒక చార్టు పట్టుకోండి, మధ్యలో మార్చవద్దు.

చుక్క మామూలు గీతల మధ్యే ఉన్నా, ఏటేటా పై గీత వైపు ఎక్కుతుంటే కింది పనులు ఇప్పుడే మొదలుపెట్టండి. ఈ దశలో దారికి తేవడం చాలా తేలిక.

3. ముందు డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిన పరిస్థితులు

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంటి ప్రయత్నాలతో కాలం గడపవద్దు:

- మెడ వెనుక, చంకల్లో చర్మం నల్లబడి మందంగా, వెల్వెట్‌లా మారడం. మురికి అనుకుని రుద్దుతుంటారు. అది మురికి కాదు, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదనడానికి గుర్తు.
- విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం. వీటికి తోడు వాంతులు, నీరసం, ఆయాసం ఉంటే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.
- గట్టిగా గురక పెట్టడం, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, పగలు కునికిపాట్లు
- తుంటిలో, తొడలో లేదా మోకాలిలో నొప్పి, కుంటుతూ నడవడం. తుంటి కీలులో తొడ ఎముక తల పక్కకు జారినప్పుడు కూడా నొప్పి మోకాలిలోనే తెలియవచ్చు. ఆ కాలిపై బరువు మోపనివ్వకుండా వెంటనే చూపించండి.
- తరచూ తలనొప్పి, చూపు మసకబారడం
- బరువు పెరుగుతున్నా ఎత్తు పెరగకపోవడం. థైరాయిడ్ వంటి హార్మోన్ల లోపం ఉందేమో చూడాలి.
- అయిదేళ్లలోపే తీవ్రంగా లావెక్కడం, ఎంత తిన్నా తీరని ఆకలి
- బరువు పెంచే మందులు వాడుతుండటం. స్టెరాయిడ్లు, కొన్ని మూర్ఛ మందులు, కొన్ని మానసిక వైద్య మందులు ఈ కోవలోవే. వాటిని మీరై మీరు ఆపవద్దు. ప్రత్యామ్నాయం ఉందేమో డాక్టరునే అడగండి.

4. మూడు రోజులు రాయండి, ఏమీ మార్చవద్దు

రెండు బడి రోజులు, ఒక సెలవు రోజు. తిన్నవి, తాగినవి, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎందుకు అన్నీ రాయండి. "ఎందుకు" అన్నది ముఖ్యం. ఆకలేసా, ఊసుపోకా, టీవీ ముందు కూర్చున్నందుకా, ఏడుపు మాన్పించడానికి మీరే ఇచ్చారా? తెర ముందు గడిపిన సమయం, నిద్రపోయిన వేళ కూడా చేర్చండి.

మూడు రోజుల కాగితం ముందేసుకుని చూస్తే ఎక్కడ పట్టుకోవాలో దానంతటదే కనిపిస్తుంది. చాలా ఇళ్లలో తప్పు భోజనంలో ఉండదు. భోజనానికి భోజనానికి మధ్య, లెక్కలోకి రాకుండా నోట్లోకి పోయేవాటిలో ఉంటుంది. కనబడినవన్నీ ఒకేసారి మార్చవద్దు. రెండు వారాలకు ఒక మార్పు చాలు.

5. మొదటి మార్పు: తాగేవి

ఒక్క పని మాత్రమే చేయగలిగితే ఇదే చేయండి. 330 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకు డబ్బాలో సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. చెంచాకు 4 గ్రాముల చొప్పున దాదాపు తొమ్మిది చెంచాలు. కలిపిన చక్కెర, తేనె, పండ్ల రసంలోని చక్కెర అన్నీ కలిపి రోజు మొత్తం శక్తిలో పది శాతం దాటకూడదని, అయిదు శాతంలోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. రోజుకు 1,600 కేలరీలు తినే పిల్లవాడికి పది శాతమంటే 40 గ్రాములు. ఆ ఒక్క డబ్బాతోనే వాటా అయిపోవచ్చింది. పైగా తాగిన చక్కెర కడుపు నిండిన భావన ఇవ్వదు కాబట్టి ఆ తర్వాత తినే తిండీ తగ్గదు.

ఎలా మానిపించాలి? చిన్నపిల్లలకైతే ఇంట్లోకి తేవడం ఆపేయండి, కొద్దిరోజుల గొడవతో సర్దుకుంటుంది. కాస్త పెద్దవారికి పండ్ల రసంలో మొదటి వారం సగం నీళ్లు, తర్వాతి వారం ముప్పావు నీళ్లు, ఆపై ఉత్త నీళ్లు. పాలలో చక్కెర కూడా అలాగే చెంచాలో పావు వంతు చొప్పున తగ్గించండి, నాలుక ఇట్టే అలవాటు పడుతుంది. బలమిస్తాయని చెప్పి అమ్మే పాల పొడుల డబ్బాలు తిప్పి చూడండి. పదార్థాల జాబితాలో మొదటి మూడింటిలో చక్కెర, గ్లూకోజ్ సిరప్ లేదా పిండి నుంచి తీసే మాల్టోడెక్స్‌ట్రిన్ ఉంటే అది తీపి పొడే.

హెచ్చరిక: చక్కెర బదులు కృత్రిమ తీపి వాడి సరిపెట్టవద్దు. బరువు అదుపు కోసం వాటిని వాడవద్దని అదే సంస్థ 2023లో చెప్పింది. పండ్ల రసం బదులు పండు ఇవ్వండి. రసం ఇవ్వక తప్పని రోజున ఒకటి నుంచి మూడేళ్ల వారికి 120 మిల్లీలీటర్లు, నాలుగు నుంచి ఆరేళ్ల వారికి 180, ఆపైన 240 మించకూడదు. ఏడాదిలోపు అసలే వద్దు.

6. తిండి: మీ పని మీది, బిడ్డ పని బిడ్డది

ఏమి పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చుని తినాలి అన్నది పెద్దల పని. ఎంత తినాలన్నది బిడ్డ పని. "పళ్లెం ఖాళీ చేయాల్సిందే" అన్న ఒత్తిడి, "చాలు, ఇక ఆపు" అన్న గదమాయింపు రెండూ ఒకే చోట దెబ్బ తీస్తాయి: తన కడుపు మాట తాను వినడం బిడ్డ మరచిపోతుంది.

పళ్లెంలో సగం కూరగాయలు, పండ్లు. పావు వంతు ధాన్యం. మిగతా పావు పప్పుధాన్యాలు, గుడ్డు, చేప వంటి మాంసకృత్తులు. పళ్లెం చిన్నది వాడండి. గిన్నెలు వంటింట్లోనే ఉంచి వడ్డించి తెండి. కూరగాయల గిన్నె మాత్రం ఎదుట ఉండవచ్చు. మళ్లీ కావాలంటే కాదనవద్దు. కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి ఇరవై నిమిషాల వరకు పడుతుంది కాబట్టి, కాసేపు మాటల్లో పెట్టి అప్పుడు వడ్డించండి.

రోజుకు మూడు భోజనాలు, ఒకటి రెండు చిరుతిళ్లు, దాదాపు ఒకే వేళల్లో. మధ్యలో ఆకలంటే పండు చూపించండి. పండు తింటానంటే ఆకలి నిజమే. అది వద్దు, బిస్కెట్టే కావాలంటే ఊసుపోక అడుగుతున్నట్టు లెక్క, ఆటలోకి మళ్లించండి. ఇంట్లో లేని చిరుతిండి కోసం రోజూ పోరాడాల్సిన పని ఉండదు, కాబట్టి అసలు యుద్ధం సరుకులు కొనేటప్పుడే గెలవాలి.

కూరగాయలు తినని పిల్లల తల్లిదండ్రులు రెండు మూడు ప్రయత్నాలకే చేతులెత్తేస్తారు. కొత్త రుచి నచ్చడానికి పది పదిహేను సార్లు కంటబడాల్సి రావచ్చు. ఒక్క ముక్క పళ్లెంలో పెట్టండి, తినమనవద్దు, మీరు తినండి. తినలేదా, మరో రోజు మళ్లీ పెట్టండి. "ఇది తింటే మిఠాయి ఇస్తా" అన్నారంటే కూరగాయ శిక్ష, మిఠాయి బహుమతి అని మీరే నేర్పినట్టు.

7. ఆట

5 నుంచి 17 ఏళ్ల వారికి సగటున రోజుకు 60 నిమిషాలు ఒళ్లు కదలాలి, వారంలో కనీసం మూడు రోజులు బాగా ఆయాసపడేలా ఉండాలి. మూడు, నాలుగేళ్ల వారికి రోజంతా కలిపి మూడు గంటలు, అందులో ఒక గంట చురుకైన ఆట. ఒకేసారి కానక్కరలేదు, పదిహేను నిమిషాల చొప్పున నాలుగు విడతలైనా గంటే. సరిపడా శ్రమ పడుతున్నారా అని చూడటానికి మాట్లాడించండి. మాట్లాడగలిగి పాడలేకపోతే మధ్యస్థ శ్రమ, రెండు మూడు మాటలకే ఊపిరి అందకపోతే తీవ్ర శ్రమ.

బరువు ఎక్కువున్న పిల్లలను మొదటే పరుగు పందెంలో నిలబెట్టవద్దు. అందరికన్నా వెనకబడి, నవ్వులపాలై, ఆటంటేనే దూరం జరుగుతారు. ఈత, సైకిలు, నృత్యం, మీతో కలిసి నడక వంటివి కీళ్లపై భారం తక్కువ పెడతాయి, ఎవరితోనూ పోటీ ఉండదు. నెలా రెండు నెలలు పోయాక తామే ఆటలు అడుగుతారు. తిన్నదానికి శిక్షగా మాత్రం వ్యాయామం చేయించవద్దు.

8. నిద్ర, తెర

నిద్ర తక్కువైతే మరునాడు ఆకలి ఎక్కువవుతుంది, తీపి మీదికి మనసు పోతుంది. 3 నుంచి 5 ఏళ్ల వారికి పగటి నిద్రతో కలిపి 10 నుంచి 13 గంటలు, 6 నుంచి 12 ఏళ్ల వారికి 9 నుంచి 12, 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటలు కావాలి. నిద్రలేచే వేళ నుంచి వెనక్కి లెక్కించండి. పొద్దున ఆరున్నరకు లేవాల్సిన ఎనిమిదేళ్ల పాపకు పది గంటలు దొరకాలంటే రాత్రి ఎనిమిదిన్నరకు నిద్రలో ఉండాలి. అంటే ఏడున్నరకే ఫోను, టీవీ ఆగాలి.

రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దు, 2 నుంచి 4 ఏళ్ల వారికి రోజుకు గంటకు మించవద్దు. తినేటప్పుడు ఏ వయసు వారికీ వద్దు, ఇందులో మీ ఫోనూ ఉంది.

9. మాట

ఇల్లంతా ఒకే తిండి తినాలి. సన్నగా ఉన్న తమ్ముడికి చిప్స్ ఇచ్చి, అక్కకు పండు ముక్కలు పెట్టారంటే అది వైద్యం కాదు, అవమానం. "బొండాం", "లడ్డు" లాంటి ముద్దుపేర్లు ఇవాళే ఆపేయండి, చుట్టాల చేతా ఆపించండి. బరువు మీద ఎగతాళి పడిన పిల్లలు తగ్గరు, చాటుగా తింటారు. బరువు గురించి కాక చేసే పనుల గురించి మాట్లాడండి: "ఈ వారం నాలుగు రోజులు ఆడుకున్నావు" అనండి, "ఎంత తగ్గావో చూద్దాం" అనవద్దు. బడిలో ఏడిపిస్తున్నారని తెలిస్తే ఉపాధ్యాయులతో మాట్లాడే బాధ్యత మీది.

భోజనం మానేయడం, తిన్నాక స్నానాలగదిలో ఎక్కువసేపు ఉండటం, వాంతి చేసుకోవడం, తిండి దాచడం కనబడితే బరువు ప్రయత్నాలన్నీ పక్కనపెట్టి డాక్టరును కలవండి. అది వేరే జబ్బు, ఇంకా ప్రమాదకరమైనది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

ఉదయపు భోజనం మాన్పించడం. ఆకలి పెరిగి, తర్వాత చిరుతిళ్ల మీద పడవచ్చు.

పెద్దల డైట్లు పిల్లలకు అంటగట్టడం. ఉపవాసాలు, ధాన్యం పూర్తిగా మానేసే పద్ధతులు, బరువు తగ్గించే పొడులు, మాత్రలు ఎదిగే ఎముకలకు, కండకు చేటు. 12 ఏళ్లు దాటి ఊబకాయం ఉన్నవారికి కొన్ని దేశాల్లో మందులకు అనుమతి ఉన్న మాట నిజమే, కానీ అది నిపుణులు పరీక్షించి, దగ్గరుండి చూసుకుంటూ ఇవ్వాల్సిన వైద్యం.

"పెరిగేకొద్దీ అదే తగ్గిపోతుంది" అని ఊరుకోవడం. ఎత్తు పెరిగి సర్దుకోవాలంటే బరువు ఆగాలి, అది ఆగాలంటే ఇంటి అలవాట్లు మారాలి.

రోజూ బరువు చూడటం. నీళ్లు, తిండి, మలవిసర్జనల వల్లే కిలో దాకా తేడా వస్తుంది. ఆ అంకెకు ఇంటిల్లిపాదీ మురిసిపోవడం, కుంగిపోవడం బిడ్డ గమనిస్తుంది.

ఫలితం ఎలా తెలుస్తుంది

నెలకోసారి బరువు, మూడు నెలలకోసారి ఎత్తు, నడుము. అంకె పైకి చదవకుండా రాసుకోండి. మొదటి మూడు నెలల్లో చూడాల్సింది బరువు కాదు: మెట్లెక్కితే ఆయాసం తగ్గిందా, పొద్దున లేపకుండా లేస్తున్నారా, నీళ్లు తామే అడిగి తాగుతున్నారా?

ముందు చెప్పిన అబ్బాయినే తీసుకుందాం. ఏడాది తర్వాత బరువు అదే 36 కిలోలు, ఎత్తు 136. బీఎంఐ 19.5. తొమ్మిదేళ్లకు ఊబకాయం గీత 20.5 కాబట్టి దాని కిందికి వచ్చాడు. మరుసటి ఏడు బరువు 37, ఎత్తు 142, బీఎంఐ 18.3. పదేళ్లకు అధిక బరువు గీత 18.5. రెండేళ్లలో ఒక కిలో పెరిగి, మామూలు గీతల్లోకి చేరాడు. బరువు యంత్రం ఒక్కదాన్నే చూసినవారికి ఏమీ జరగలేదనిపిస్తుంది.

ఎత్తు పెరగడం ఆగిపోవచ్చిన పెద్దపిల్లల్లో ఈ లెక్క పనిచేయదు. అమ్మాయిల్లో రుతుక్రమం మొదలైన రెండేళ్లకు ఎదుగుదల చాలావరకు పూర్తవుతుంది. అలాంటివారికి, తీవ్ర ఊబకాయం ఉన్నవారికి బరువు తగ్గించాల్సి రావచ్చు. ఎంత, ఎంత వేగంగా అన్నది డాక్టరు చెప్పాలి.

రెండేళ్లలోపు బిడ్డలకు

ఆరు నెలల వరకు తల్లిపాలు మాత్రమే, ఆపైన ఇంటి ఆహారంతో పాటు రెండేళ్లు, ఇంకా పైన కూడా తల్లిపాలు కొనసాగించవచ్చు. సీసాతో పట్టేవారు చివరి చుక్కదాకా తాగించవద్దు. తల తిప్పుకుంటే చాలన్నట్టే. చక్కెర కలపవద్దు. ఏడ్చిన ప్రతిసారీ పాలే జవాబు కాదు, ముందు ఎత్తుకుని చూడండి.

మూడు నెలలైనా చుక్క పైకే పోతుంటే

డాక్టరును కలవండి. కొలతల నోటుపుస్తకం, మూడు రోజుల తిండి కాగితం, వాడుతున్న మందుల పేర్లు, ఇంట్లో ఎవరికైనా మధుమేహం, థైరాయిడ్, గుండె జబ్బు ఉంటే ఆ వివరం వెంట తీసుకెళ్లండి. రక్తపోటు చూడమనండి. పదేళ్లు దాటి ఊబకాయం ఉన్నవారికి రక్తంలో చక్కెర, కొవ్వు, కాలేయం పరీక్షలు అవసరమా అని అడగండి. బిడ్డ ముందు చెప్పలేని విషయాలుంటే చీటీ మీద రాసి ముందుగానే లోపలికి పంపండి.